మినిమమ్స్ దగ్గర 'ఆగు, లైట్లు వస్తున్నాయి' అన్నారు... నా గో అరౌండ్ తప్పా?

ప్రశ్న: (పేరు వేయొద్దన్న పాఠకురాలి ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైనవి పోకుండా కుదించాను.)

నాకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) వచ్చి రెండేళ్లయింది. ఒక సింగిల్ ఇంజిన్ విమానంలో సగం వాటా నాది. మిగతా సగం నాకంటే చాలా ముందు నుంచి ఎగురుతున్న ఒక పెద్దాయనది. ఆయన్ని 'సార్' అనే పిలుస్తాను. ఈమధ్య ఇద్దరం కలిసి వెళ్లాం, నడుపుతున్నది నేను. దిగాల్సిన చోట మేఘాలు బాగా కిందికి ఉన్నాయి. ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సంకేతాల సాయంతో రన్‌వే వైపు దిగడం) చక్కగానే సాగింది, రెండు సూదులూ మధ్యలోనే ఉన్నాయి. నేల నుంచి 200 అడుగుల ఎత్తులో డెసిషన్ ఆల్టిట్యూడ్ వచ్చింది, అంటే దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు, మినిమమ్స్ అనేదీ దీన్నే. బయట అంతా తెలుపే, ఇంకేమీ లేదు. 'గో అరౌండ్' (దిగడం మానేసి మళ్లీ పైకి ఎక్కడం) అన్నాను. సార్ వెంటనే 'ఆగు ఆగు, లైట్లు వస్తున్నాయి' అన్నారు. ఆగాను. నాకేమీ కనపడలేదు. మళ్లీ ఆల్టిమీటర్ చూసేసరికి 70 అడుగులు కిందికి వచ్చేశాం.

అప్పుడు పవర్ మొత్తం ఒకేసారి ఇచ్చాను. ముక్కు గబుక్కున పైకి లేచింది, స్పీడు పడిపోయింది. ముందుకి నొక్కాను. స్పీడు మళ్లీ అందుకుంటుంటే విమానం వెనక్కి తిరగబడుతున్నట్టు అనిపించింది, ఇంకా నొక్కాను. ఎత్తు పెరగడం ఆగిపోయింది. ఇంతలో ఏం చేయబోతున్నారని కంట్రోలర్ అడిగారు. జవాబు చెబుతూనే జీపీఎస్ వైపు వంగాను. అది తర్వాతి దారి చూపించకుండా సస్పెండ్‌లో ఉండిపోయింది. ముందు నేరుగా ఎక్కి, చెప్పిన ఎత్తు వచ్చాక ఎడమకి తిరగాలని చార్టులో ఉంది. నేను ఆ ఎత్తు రాకముందే తిరిగేశాను. చక్రాలు కిందే ఉన్నాయని హోల్డింగ్ (చుట్లు తిరుగుతూ వేచి ఉండే చోటు) దగ్గరికి వెళ్లాక గానీ చూసుకోలేదు. అక్కణ్ణుంచి ఆల్టర్నేట్‌కి, అంటే ముందే అనుకున్న ఇంకో విమానాశ్రయానికి వెళ్లి దిగాం.

'రెండు సెకన్లు ఓపిక పట్టుంటే దిగిపోయేవాళ్లం, కనీసం ఇంకోసారి ప్రయత్నించాల్సింది' అని సార్ ఇప్పటికీ అంటారు. నలుగురి ముందు కూడా నవ్వుతూ అంటారు. అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, టెన్షన్. వెళ్లాల్సిన ప్రయాణాలు మానుకుంటున్నాను. నా నిర్ణయం తప్పా? తిరగబడుతున్నట్టు అనిపించడం నాలో ఏదైనా లోపమా? మేఘాల్లో ఎగరడం మానేయాలా? ఇది ఎవరికైనా రిపోర్టు చేయాలా? సార్‌తో ఎలా?

సమాధానం:

మీ నిర్ణయం వేరు, దాన్ని అమలు చేసిన తీరు వేరు. మీ ఉత్తరంలో రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నిర్ణయం సరైనది. అమలు బాగాలేదు. సార్ మొదటిదాన్ని తప్పుపడుతున్నారు. మీరు రెండోదానికి సిగ్గుపడుతూ మొదటిదాన్ని కూడా అనుమానిస్తున్నారు. ముందు ఈ ముడి విప్పుకుంటే మిగతా ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలికవుతాయి.

డెసిషన్ ఆల్టిట్యూడ్ కిందికి వెళ్లడానికి ఏమేం ఉండాలో చూద్దాం. అమెరికా నిబంధనల్లో అయితే మూడు షరతులున్నాయి. మామూలు వేగంతో, మామూలుగా దిగుతూ రన్‌వే మీద వాలగలిగే స్థితిలో విమానం ఉండాలి. చార్టులో చెప్పినంత విజిబిలిటీ ఉండాలి. రన్‌వే గానీ దానికి సంబంధించిన లైట్లు గానీ స్పష్టంగా, ఇవి ఫలానావి అని గుర్తుపట్టేలా కనపడాలి. అప్రోచ్ లైట్లు ఒక్కటే కనపడితే టచ్‌డౌన్ జోన్‌కి 100 అడుగుల ఎత్తు వరకే దిగవచ్చు. అంతకంటే కిందికి పోవాలంటే ఆ లైట్ల వరుసలో ఎర్ర బార్లయినా కనపడాలి, లేదా రన్‌వేకి చెందిన మరేదైనా కనపడాలి. మిగతా దేశాల నిబంధనల్లో మాటలు కొంచెం అటూఇటుగా ఉన్నా సారం ఇదే. 'లైట్లు వస్తున్నాయి' అనేది ఈ షరతుల్లో ఎక్కడా ఇమడదు. నిబంధన అడిగేది ఆ క్షణంలో కనిపిస్తున్నదాన్ని గురించి. కాసేపట్లో కనిపించబోయేది అందులోకి రాదు.

సార్ అబద్ధం చెప్పారని నేననను. ఆయన బయటికి చూస్తున్నారు, మీరు లోపల పరికరాలు చూస్తున్నారు. పల్చటి మేఘపు పొరలోంచి ఏటవాలుగా కిందికి చూస్తే ఒక వెలుగు మరక కనపడటం, ఇంకాస్త కిందికి దిగగానే మాయమైపోవడం మామూలే. అలాంటి మరకని నమ్మి కళ్లు బయట పెట్టుకుని కూర్చున్న పైలట్ తెలియకుండానే ముక్కు దించేస్తాడు. గ్లైడ్ స్లోప్ (దిగాల్సిన వాలు) కిందికి పోయి రన్‌వే రాకముందే నేలని తాకిన విమానాల కథల్లో ఈ మలుపు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక ఆ రెండు సెకన్ల సంగతి. మూడు డిగ్రీల గ్లైడ్ స్లోప్ మీద 90 నాట్ల గ్రౌండ్ స్పీడుతో దిగుతుంటే నిమిషానికి దాదాపు 480 అడుగులు, అంటే సెకనుకి ఎనిమిది అడుగులు దిగుతాం. 200 అడుగుల దగ్గర రన్‌వే మొదలు ఇంకా దాదాపు అర నాటికల్ మైలు దూరంలో ఉంటుంది. పవర్ ఇచ్చాక కూడా, కిందికి వస్తున్న విమానం ఆగి పైకి తిరగడానికి కొన్ని అడుగులు పోతాయి. ఐఎల్ఎస్ లాంటి ప్రెసిషన్ అప్రోచ్‌లో ఆ కాస్త జారుడుకి అప్రోచ్ రూపొందించినవాళ్లే చోటు ఉంచుతారు. డెసిషన్ ఆల్టిట్యూడ్ దగ్గర నిర్ణయం తీసుకున్నా విమానం కొన్ని అడుగులు దిగకుండా ఉండదని వాళ్లకి తెలుసు. (దిగే వాలు చూపించని నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లో దిగగల కనీస ఎత్తుకి, అంటే ఎండీఏకి, ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఒక్క అడుగు కూడా కిందికి పోకూడదు. రెండింటినీ ఒకేలా చూసే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి.) మీరు పవర్ ఇవ్వకముందే కోల్పోయిన 70 అడుగులు ఎనిమిది తొమ్మిది సెకన్ల మాటల మధ్య పోయాయి. దానికి ఎవరూ చోటు ఉంచలేదు.

ఈ మొత్తం ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది మీరు కంగారు పడ్డ విషయం కాదు. గో అరౌండ్ అన్నాక అది మళ్లీ చర్చకి రావడమే నన్ను కంగారుపెట్టింది. మీరు అన్నారు, ఆయన కాదన్నారు, మీరు ఆగారు. ఆ కొన్ని సెకన్లపాటు ఆ విమానం దిగడానికీ సిద్ధంగా లేదు, ఎక్కడానికీ సిద్ధంగా లేదు. తర్వాత జరిగిన గందరగోళమంతా అక్కడే మొదలైంది. ప్రశాంతంగా మొదలుపెట్టాల్సిన పనిని ఆలస్యమైపోయిందన్న భయంతో మొదలుపెట్టారు. అందుకే పవర్ అలా ఒకేసారి తోసేశారు. 'సార్' అని పిలిచే మనిషి పక్కన కూర్చుని ఆగమంటే 200 అడుగుల ఎత్తులో కాదనడం తేలిక కాదు. పెద్ద ఎయిర్‌లైన్ కాక్‌పిట్లలో కెప్టెన్‌కీ కో పైలట్‌కీ మధ్య ఇదే ఇబ్బంది ఉంటుందని గుర్తించే, 'గో అరౌండ్' అని ఇద్దరిలో ఎవరు అన్నా అదే చివరి మాట అని చాలా సంస్థలు నియమం పెట్టుకున్నాయి. కాదనే హక్కు రెండోవాళ్లకి ఉండదు. ఎందుకన్నావ్ అని అడగాలంటే నేల మీద అడగాలి.

ఇంకొక మాట కూడా మీకు తెలియాలి. స్థిరంగా లేని అప్రోచ్‌లలో నూటికి మూడింటిలో మాత్రమే ఎయిర్‌లైన్ పైలట్లు గో అరౌండ్ చేస్తున్నారని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. మిగతా తొంభై ఏడూ అలాగే దిగుతున్నాయి. వాటిలో చాలావరకు ఏమీ కాదు. ఏమీ కాలేదు కాబట్టే తర్వాతిసారి కూడా అలాగే దిగుతారు. సార్ 'దిగిపోయేవాళ్లం' అనడం వెనక బహుశా ఇలాంటి అనుభవాలే ఉండవచ్చు. ఆయన అన్నట్టు నిజంగానే దిగిపోయి ఉండేవాళ్లేమో. అయినా మీ నిర్ణయం తప్పు కాదు.

ఇక తిరగబడుతున్నట్టు అనిపించడం గురించి. ఇది లోపం కాదు. ఆరోగ్యంగా ఉన్న చెవి అలాగే పనిచేస్తుంది. లోపలి చెవిలో కింద ఏది, పైన ఏది అని పసిగట్టే భాగం ఉంటుంది. శరీరం వెనక్కి వాలడానికీ, ముందుకి వేగం పుంజుకోవడానికీ తేడా అది చెప్పలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు బస్సు గట్టిగా ముందుకి కదిలితే వెనక్కి వాలినట్టే ఉంటుంది కదా, అదే ఇది. బయట ఏమీ కనపడనప్పుడు ఆ పొరపాటుని సరిదిద్దడానికి కళ్లకి ఆధారం ఉండదు. లెక్క కావాలంటే ఇదిగో: స్పీడు సెకనుకి రెండు నాట్ల చొప్పున పెరిగితే అది గురుత్వాకర్షణలో దాదాపు పదో వంతు. ముక్కు ఉన్నదానికంటే ఆరు డిగ్రీలు ఎక్కువ లేచినట్టు చెవి చెబుతుంది. జెట్ విమానంలో అయితే ఇంకా ఎక్కువ. దీన్ని సొమాటోగ్రావిక్ ఇల్యూజన్ అంటారు.

మీ విషయంలో చిక్కేమిటంటే, మొదట ముక్కు నిజంగానే లేచింది. అప్పుడు నొక్కడం సరైన పనే. తర్వాత స్పీడు పెరుగుతుంటే చెవి అదే మాట ఇంకోసారి చెప్పింది, ఈసారి అబద్ధం. మొదటిసారి నిజమైంది కాబట్టి రెండోసారీ నమ్మారు. పైగా మాట్లాడుతూ జీపీఎస్ వైపు తల వంచారు. విమానం కదలికలో ఉన్నప్పుడు తల అలా తిప్పితే లోపలి చెవికి ఇంకో రకం తికమక మొదలవుతుంది. ఇన్నీ కలిసిన పది సెకన్లలో ఎత్తు పెరగడం ఆగింది గానీ మీరు కిందికి దూసుకుపోలేదు. ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పరికరాలు చూశారు.

ఇలా మోసపోయినవాళ్లలో మీరు ఒంటరి కాదు. 2000 ఆగస్టు 23న బహ్రెయిన్‌లో గల్ఫ్ ఎయిర్ ఎయిర్‌బస్ ఏ320 రాత్రివేళ గో అరౌండ్ చేసి, చీకటి సముద్రం మీద ఎక్కుతూ ఎక్కుతూ ముక్కు దించి నీళ్లలో పడింది. 143 మంది పోయారు. పైలట్‌ని ఈ భ్రమే మోసం చేసి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. ఇలాంటివి పదేపదే జరుగుతుండటంతో ఫ్రాన్స్ ప్రమాద దర్యాప్తు సంస్థ బీఈఏ, గో అరౌండ్ సమయంలో విమానం ఎటు పోతోందో పైలట్లకి ఎందుకు తెలియకుండా పోతోందన్న విషయం మీదే ప్రత్యేకంగా ఒక అధ్యయనం చేసి 2013లో విడుదల చేసింది. రోజూ అదే పని చేసే పైలట్లకి సంబంధించిన అధ్యయనం అది. కాబట్టి మీ ఫిట్‌నెస్ గురించి దిగులు వద్దు. నేల మీద ఉన్నప్పుడు కూడా కళ్లు తిరుగుతుంటే మాత్రం అది వేరే సంగతి, ఏవియేషన్ డాక్టర్‌ని కలవాలి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

మరి ముక్కు అంత గబుక్కున ఎందుకు లేచింది? ట్రిమ్ వల్ల, అంటే ముక్కుని ఒక స్థితిలో నిలిపి ఉంచే సర్దుబాటు వల్ల. అప్రోచ్‌లో తక్కువ పవర్‌తో, ఫ్లాప్స్ దించి, నెమ్మదిగా వస్తున్న విమానాన్ని ఆ స్పీడుకి సరిపోయేలా ముక్కు పైకి ట్రిమ్ చేసుకుని ఉంటాం. ఆ స్థితిలో పవర్ మొత్తం ఇస్తే చాలా సింగిల్ ఇంజిన్ విమానాలు బలంగా పైకి లేస్తాయి. చేత్తో గట్టిగా ఆపాల్సి వస్తుంది. శిక్షణలో ఇది ఎందుకు తెలిసిరాదో నాకు తెలుసు. హుడ్ (బయట కనపడకుండా కళ్లకి పెట్టే అడ్డు) పెట్టుకుని చేసే మిస్డ్ అప్రోచ్‌లలో (దిగకుండా మళ్లీ ఎక్కి, చార్టులో చెప్పిన దారిన పోవడం) సగం ముందే ఎరుకే. ఇన్‌స్ట్రక్టర్ 'ఇప్పుడు మిస్డ్ చేద్దాం' అని కాస్త పైనే చెప్పేస్తారు, ఫ్లాప్స్ పూర్తిగా దించి ఉండవు, కంట్రోలర్ ఏదో ఒక హెడింగ్ ఇచ్చేస్తారు, చార్టులో అచ్చయిన దారి ఎవరూ పూర్తిగా ఎగరరు. మిగతా సగం 'హుడ్ తీసెయ్, ల్యాండ్ చెయ్' అన్న మాటతో ముగుస్తాయి. రేటింగ్ వచ్చిన రెండేళ్లకి మీకు మొదటిసారి అసలైన మిస్డ్ అప్రోచ్ ఎదురైందంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

మొదటి పది సెకన్లలో చేయాల్సిన పనులు కొన్నే. పవర్ నిలకడగా, రెండు మూడు సెకన్లు తీసుకుని ఇవ్వండి. దాంతోపాటే ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద మీ విమానానికి సరిపడే పిచ్ (ముక్కు లేచి ఉండాల్సిన కోణం) పెట్టండి. చాలా చిన్న విమానాలకి అది ఏడు నుంచి పది డిగ్రీల మధ్య ఉంటుంది. మీ విమానానిది ఎంతో మాన్యువల్ చూసి, ఓ మంచి రోజున ఎగిరి తేల్చుకుని, ఆ అంకె గుర్తుపెట్టుకోండి. రెక్కలు సమంగా ఉంచండి. ట్రిమ్ తిప్పండి. ఎక్కుతున్నామని ఆల్టిమీటర్, వర్టికల్ స్పీడ్ రెండూ చెప్పాక చక్రాలు ఎత్తండి. ఫ్లాప్స్ మాన్యువల్ చెప్పిన వరుసలో తీయండి. ప్రొపెల్లర్, మిక్స్‌చర్ లీవర్ల పని ఫైనల్‌లోకి (రన్‌వేకి నేరుగా వచ్చే చివరి దారిలోకి) రాగానే ముగించేస్తే మినిమమ్స్ దగ్గర చేతికి ఒకే లీవర్ మిగులుతుంది. ఇవన్నీ అయ్యేవరకు జీపీఎస్ మీద చెయ్యి పడకూడదు. మెడ కూడా తిప్పకండి.

కంట్రోలర్ అడిగితే? 'స్టాండ్ బై' అనండి. అదీ అనలేకపోతే ఊరుకోండి. రాడార్ ముందు కూర్చున్నవాళ్లు పది సెకన్ల మౌనాన్ని అర్థం చేసుకుంటారు. నేరుగా ఎక్కుతున్న విమానం వాళ్లకి సమస్య కాదు.

జీపీఎస్ విషయం. మిస్డ్ అప్రోచ్ పాయింట్ దగ్గర చాలా యూనిట్లు తమంతట తాము ముందుకి పోవు. పైలట్ మీట నొక్కేదాకా సస్పెండ్‌లోనే ఉంటాయి. పాడవలేదు, అలా తయారుచేశారు. ఆ పాయింట్ దాటకముందే మిస్డ్ మొదలుపెట్టాల్సి వస్తే అక్కడి వరకు నేరుగానే పోయి అప్పుడు తిరగాలి, ముందే తిరగకూడదు. ఐఎల్ఎస్ మీద వస్తుంటే సూది లోకలైజర్ (రన్‌వేకి ఎడమా కుడీ ఎటున్నామో చెప్పే ఐఎల్ఎస్ సంకేతం) నుంచి జీపీఎస్‌కి మారిందా లేదా అన్నది ఇంకో చిక్కు. కొన్ని యూనిట్లు వాటంతటవే మారతాయి, కొన్ని మారవు. గో అరౌండ్ బటన్ ఉన్న విమానాల పద్ధతి మళ్లీ వేరు. మీ యూనిట్ సంగతేమిటో నేల మీద, సిమ్యులేటర్ మోడ్‌లో కూర్చుని వేళ్లకి అలవాటయ్యేదాకా నొక్కి చూడండి. ఇది నాలుగు సాయంత్రాల పని, పెట్రోలు ఖర్చు కూడా లేదు.

తొందరపడి తిరగడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ తప్పులన్నింట్లో నాకు ఎక్కువ భయమేసింది ఇదే. మిస్డ్ అప్రోచ్ దారిని గీసేటప్పుడు విమానం కనీసం ఒక వాలుతో ఎక్కుతుందని అనుకుంటారు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పద్ధతిలో అది మామూలుగా 2.5 శాతం, అంటే నాటికల్ మైలుకి 152 అడుగులు. అమెరికాలో నాటికల్ మైలుకి 200 అడుగులు. 90 నాట్ల గ్రౌండ్ స్పీడు దగ్గర 200 అంటే నిమిషానికి 300 అడుగులే. 'ఇంతేనా' అనిపిస్తుంది. కానీ ఈ లెక్క మినిమమ్స్ ఎత్తు దగ్గర మొదలవుతుంది. మీరు 70 అడుగులు కింద మొదలుపెట్టారు. మధ్యలో ఎక్కడం ఆపారు. చక్రాలు కిందే ఉన్నాయి. దానికి తోడు దారి మారారు. కొండలో, టవర్లో ఉన్న చోట ఇంతకంటే నిటారుగా ఎక్కాలని చార్టులోనే రాసి ఉంటుంది. అలాంటి చోట ఇదే జరిగి ఉంటే ఈ ఉత్తరం రాసే అవకాశం మీకు ఉండేదో లేదో. ఎత్తు, దిశ రెండూ చార్టులో ఉన్న వరుసలోనే జరగాలి. అందుకే అప్రోచ్ మొదలవ్వకముందు చేసే బ్రీఫింగ్‌లో మిస్డ్ మొత్తం చదివినా, ఫైనల్‌లో 1,000 అడుగుల దగ్గర మళ్లీ మూడే మాటలు పైకి అనండి: మొదటి హెడింగ్, మొదటి ఎత్తు, మొదటి మలుపు ఎటు. హోల్డింగ్‌లోకి ఎలా ప్రవేశించాలన్నది పైకి చేరాక ఆలోచించుకోవచ్చు, టైముంటుంది.

రెండోసారి ప్రయత్నించకుండా ఆల్టర్నేట్‌కి పోవడం గురించి సార్ ఎగతాళి చేస్తున్నారని రాశారు. వాతావరణం మారకుండా, మీరు మారకుండా, అదే అప్రోచ్ మళ్లీ చేస్తే ఫలితం మాత్రం ఎందుకు మారుతుంది? మారేది ఒకటే, ఈసారి ఎలాగైనా దిగాలన్న పట్టుదల పెరుగుతుంది. గమ్యం చేరి, అక్కణ్ణుంచి ఆల్టర్నేట్ చేరి, ఆపైన ఇంకా 45 నిమిషాలు ఎగరగలిగేంత పెట్రోలు ఉండాలన్నది పిస్టన్ విమానాలకి చాలా చోట్ల ఉన్న నియమం. ఒక్కో అదనపు ప్రయత్నం పావుగంటదాకా తినేస్తుంది. మేఘం నిజంగా పైకి లేస్తోందని కొత్త రిపోర్టు వచ్చిందా, మెరుగైన మినిమమ్స్ ఉన్న ఇంకో రన్‌వే ఇచ్చారా, లేదా మొదటి అప్రోచ్ మీరే సరిగా చేయలేదా, అప్పుడు రెండోసారికి అర్థం ఉంది. మీరు చెప్పినదాన్నిబట్టి వీటిలో ఏదీ లేదు.

ఇప్పుడు మేఘాల్లో ఎగరడం మానేయాలా అన్న ప్రశ్న. మానేయవచ్చు. ఎందరో పైలట్లు జీవితమంతా మేఘాల బయటే ఎగిరి సంతోషంగా ఉన్నారు. కానీ మానేస్తే పూర్తిగా మానేయాలి. రేటింగ్ జేబులో ఉంది, వాడను గానీ అవసరమైతే ఉంది కదా అనుకునే స్థితి నాకు నచ్చదు. అలాంటివాళ్లు మేఘం కింద కిందికి, ఇంకా కిందికి పాకుతూ పోయి, చివరికి తప్పక మేఘంలోకి దూరతారు. అప్పటికి చేతికి సాధన ఉండదు, కంట్రోలర్‌తో మాట ఉండదు, చార్టు తెరిచి ఉండదు. మానుకున్న ఆ ప్రయాణాలు మీకు అవసరమైనవైతే ఈ దారి మీకు సరిపడదనే నా అనుమానం.

రెండో దారి, సొంత మినిమమ్స్ పెంచుకోవడం. చార్టు 200 అంటే మీరు 500 అనుకోవడం. ఇది వెంటనే ఊరట ఇస్తుంది, ఎత్తు చేతిలో ఉంటుంది. దీనికి రెండు బలహీనతలున్నాయి. వాతావరణ సూచన తప్పితే మీ 500 ఎవరికీ పట్టదు, అక్కడ మళ్లీ మిస్డ్ చేయాల్సిందే, ఆ పది సెకన్లు అప్పుడూ అవే. ఇంకోటి, సొంతంగా పెట్టుకున్న అంకెని సొంతంగానే సడలించుకోవడం తేలిక. 500 దగ్గర ఏమీ కనపడకపోతే 'అసలు చార్టులో 200 ఉంది కదా' అని బుద్ధి బేరం మొదలుపెడుతుంది. బేరం ఆడే అంకె ఉండటం కంటే లేకపోవడమే మేలు. పెంచుకుంటే దాన్ని చార్టు మీద రాసి, ఆ రోజుకి అదే డెసిషన్ ఆల్టిట్యూడ్ అనుకోండి.

మూడో దారికి డబ్బు, సమయం ఖర్చవుతాయి. నేనైతే దీన్ని ముందు పెడతాను. తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని మిస్డ్ అప్రోచ్ ఒక్కటే సాధన చేయండి. ముందు సిమ్యులేటర్‌లో. చేతుల వరుస, జీపీఎస్ మీటలు అక్కడ కుదురుతాయి. అయితే నేల మీద కదలకుండా ఉండే సిమ్యులేటర్ చెవిని మోసం చేయలేదు, కాబట్టి అక్కడితో ఆపకండి. తర్వాత విమానంలో, మంచి ఎత్తులో, హుడ్ పెట్టుకుని, ఫ్లాప్స్ దించి, అప్రోచ్ స్పీడుకి పూర్తిగా ట్రిమ్ చేసి, అక్కణ్ణుంచి పవర్ ఇవ్వండి. ట్రిమ్ చేతికి ఎంత బరువుగా తగులుతుందో తెలియాలి. ఆ తర్వాత నిజమైన అప్రోచ్‌లు. దిగుతామో లేదో ఇన్‌స్ట్రక్టర్ ముందుగా చెప్పకూడదని షరతు పెట్టండి. ప్రచురించిన మిస్డ్ పూర్తిగా హోల్డింగ్ వరకు ఎగరనివ్వమని కంట్రోలర్‌ని ముందే అడగండి, రద్దీ లేకపోతే ఒప్పుకుంటారు. చివరగా, మేఘం ఎత్తుగా, నిలకడగా ఉన్న ఒక రోజు ఇన్‌స్ట్రక్టర్‌తోనే నిజమైన మేఘంలోకి వెళ్లండి. టెన్షన్ పూర్తిగా పోతుందని చెప్పలేను. కానీ దేనికి టెన్షన్ పడుతున్నారో స్పష్టంగా తెలుస్తుంది.

రిపోర్టు గురించి. అనుమతించిన దారి నుంచి పక్కకి తిరిగారు కాబట్టి ఇది చెప్పదగ్గ విషయమే. చాలా దేశాల్లో పేరు బయటపెట్టకుండా, స్వచ్ఛందంగా రాసే వ్యవస్థలున్నాయి. అమెరికాలో నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ 1976 నుంచి ఉంది. ఉద్దేశపూర్వకం కాని తప్పు గురించి పది రోజుల్లోపు రాస్తే, తర్వాత ఆ తప్పు బయటపడినా జరిమానా నుంచి సాధారణంగా రక్షణ దొరుకుతుంది. మీ దగ్గర ఏ పద్ధతి ఉందో, గడువేమిటో చూసుకోండి. గడువు దాటినా రాయండి. రాయకపోతే బహుశా ఏమీ కాదు, కంట్రోలర్ అప్పుడే ఏమీ అనలేదు కాబట్టి. కానీ మీ ఉత్తరం చదివాక నాకనిపించింది, సంఘటనని సెకన్ల వారీగా కాగితం మీద పెట్టడం మీకు ఇప్పటికే కొంత మేలు చేసింది. అదే ఇంకొంచెం వివరంగా చేస్తే ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా పనికొస్తుంది.

చివరికి సార్. విమానంలో సగం ఆయనది కాబట్టి తప్పించుకు తిరగడం కుదరదు. నలుగురి ముందు ఆయన నవ్వినప్పుడు వాదించకండి, అక్కడ గెలిచినా ఉపయోగం లేదు. ఇద్దరే ఉన్నప్పుడు, ఎగరాల్సిన రోజు కాకుండా ఇంకో రోజు కూర్చోండి. ఎవరు సరైనవారన్న చర్చలోకి దిగొద్దు, లైట్లు ఉన్నాయా లేవా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. ఇలా అనవచ్చు: 'సార్, మీరు పక్కన ఉంటే నాకు ధైర్యమే. కానీ మినిమమ్స్ దగ్గర ఇద్దరం నిర్ణయం తీసుకుంటే కుదరడం లేదు. ఇకమీదట నడిపేవాళ్లు లోపల చూద్దాం, పక్కనున్నవాళ్లు బయట చూద్దాం. బయట చూసేవాళ్లు రెండు మాటలే చెప్పాలి: కనపడుతున్నాయి, లేదా ఏమీ లేదు. గో అరౌండ్ అని ఎవరన్నా సరే, రెండోవాళ్లు మాట్లాడకుండా చక్రాలు, ఫ్లాప్స్, రేడియో చూసుకోవాలి. మీరు నడిపేటప్పుడు నేనూ అలాగే ఉంటాను.' ఆఖరి వాక్యం తప్పకుండా చెప్పండి. దాంతో ఇది ఆయన మీద ఫిర్యాదులా వినపడదు.

ఆయన ఒప్పుకుంటే మీకు మంచి జోడీ దొరికినట్టే. ఆయన అనుభవం మీకు నిజంగా పనికొస్తుంది, ముఖ్యంగా చేతులు నిండిపోయే ఆ మొదటి నిమిషంలో. ఒప్పుకుని, ఎగిరేటప్పుడు మర్చిపోతే, దిగాక అదే రోజు గుర్తుచేయండి. 'నాకే నేర్పుతావా' అంటే మాత్రం స్నేహం ఉంచుకోండి, విమానంలో వాటా కూడా ఉంచుకోండి, మేఘాలున్న రోజున మాత్రం ఆయనతో కలిసి బయల్దేరకండి. ఆయన కొన్నాళ్లు ముఖం మాడ్చుకుంటారు. వాటాల లెక్కల్లో, విమానం ఎవరికి ఎప్పుడన్న విషయంలో కాస్త చికాకు కూడా ఉండవచ్చు, దానికి సిద్ధపడండి.